కావాలని చేసినవాటికి వర్తించదు

విజయనగరం జైలు,
మార్చి 4.

అప్పకి,

నీ తమ్ముడు బాగానే ఉన్నాడు, ఏడవకు. ఇక్కడ ఫోను ఇస్తారు గానీ పక్కన ఒకాయన నిలబడి చెవి ఇటే పడేస్తాడు, ఐదు నిమిషాలకి చాలంటాడు. అందుకే కాగితాలు అడిగి తీసుకున్నాను. ఇంటర్ తప్పిన తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. కొక్కిరి రాత అని నవ్వితే ఊరుకోను.

వీళ్ళు ఈ ఉత్తరం చదివే పంపుతారు. చదవనీ. నేను దాచేదేముంది? కత్తి పట్టుకుని నా కాళ్ళతో నేనే స్టేషనుకి నడిచాను.

బావ చెప్పాడు, నీకు ఆ రోజు సంగతి సరిగా గుర్తులేదని. నేను చెబుతాను. నేను ట్రాక్టరు దిగేసరికి మీ ఇంటి పైకప్పు కూలిపోయి ఉంది. నువ్వు గడ్డివాము పక్కన కూలబడి జుట్టు పీక్కుంటూ ‘గణపతిరావు పెట్టాడురా’ అన్నావు. అంతే. సీటు కింద చెరుకు నరికే కత్తి ఉంది. వెళ్ళేసరికి వాడు తన అరుగు మీద కూర్చుని రెండు చేతులూ నీళ్ళ బకెట్లో పెట్టుకుని ఉన్నాడు. బొబ్బలెక్కిపోయాయి చేతులు. కొంప తగలబెట్టినవాడికి చేతులు కాలకుండా ఉంటాయా? ఇంకేం సాక్ష్యం కావాలి? మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోచేతి దగ్గర. చెయ్యి చర్మానికి వేలాడింది. మెడ మీద వెయ్యబోతే దాలమ్మ మొగుడికి అడ్డంపడి కత్తి పట్టుకుంది, దాంతో గురి తప్పి దవడ తెగింది. ఇంత జరిగినా వాడు నోరెత్తి ఒక్క మాట అనలేదు. ఏం మొహం పెట్టుకుని అంటాడు?

నాకు నిద్ర బాగానే పడుతోంది. రెండేళ్ళుగా చేలో నీళ్ళ కోసం వాడు నిన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తొస్తే ఇంకో రెండు వెయ్యాల్సిందనిపిస్తుంది.

అసలు విషయం. మన వకీలు లక్ష్మీనరసింహం గారు మీ ఇంటికి ఇన్సూరెన్సు ఉందని విని ఎగిరి గంతేశారు. పగవాళ్ళు తగలబెట్టారని కంపెనీ వాళ్ళు కూడా రాసి డబ్బు ఇస్తే, కళ్ళముందు అప్పగారి ఇల్లు కాలుతుంటే మనిషికి ఒళ్ళు తెలియలేదని కోర్టులో చెప్పొచ్చట. శిక్ష సగానికి సగం తగ్గుతుందట. కాబట్టి వాళ్ళ మనిషి వచ్చినప్పుడు తడబడకు. స్టేషనులో చెప్పిందే గట్టిగా చెప్పు.

దేవేంద్ర


కంచరవలస,
మార్చి 15.

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బకెట్టు దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను.

మేము పశువుల సాలలో ఉంటున్నాం. గేదెల్ని బయట కట్టి టార్పాలిన్ వేసుకున్నాం. మీ బావ కొత్తవలస రైల్వే పని మానేసి వచ్చేశాడు, నన్ను ఒంటరిగా వదలలేక. వచ్చినందుకు బాగా అనుభవించాడు. మొన్న రాజాం సంతలో గణపతిరావు అన్న కొడుకులు ముగ్గురు పట్టుకుని సైకిలు చైనుతో బాదారు. రెండు పక్కటెముకలు విరిగాయి, చెవి చిరిగి వేలాడింది. చుట్టూ వందమంది ఉన్నారు, ఒక్కడూ అడ్డు రాలేదు. సగం మంది మనం చేసింది తప్పంటున్నారు, సగం మంది వాళ్ళు పెట్టింది తప్పంటున్నారు. ఊరు రెండు ముక్కలైంది. కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకున్నారు ఆడవాళ్ళు.

గణపతిరావుకి విశాఖలో చెయ్యి తీసేశారట. చీము ఒళ్ళంతా పాకిందంటున్నారు.

ఇన్సూరెన్సు తరఫున విజయనగరం నుంచి ఒకావిడ వచ్చింది. కుసుమకుమారి అని, నష్టం లెక్కకట్టే ఆవిడ. అధికారి అంటే ఎవరో అనుకున్నాను, చీర కుచ్చిళ్ళు దోపుకుని బూడిదలోకి దిగిపోయింది. కాలిన దూలాలు ఎత్తి చూసింది, గోడల మీద మసి ఎంత ఎత్తున ఉందో కొలిచింది. “అమ్మా, మంట బయట నుంచి వచ్చినట్టు లేదు. దేవుడి గదిలో పుట్టినట్టున్నాది. ఆ గదిలో ఏటుండేది?” అని అడిగింది. పోలమ్మ ఘటం అన్నాను. ఈ ఏడు పండగ వంతు మనదే కదా, అమ్మవారి కుండ తొమ్మిది రోజులు మన ఇంట్లోనే. అందులో దీపం ఆరకుండా ఒక మనిషి కాపలా ఉండాలని కూడా చెప్పాను. “ఆ పూట కాపలా ఎవులు?” అంది. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి కూర్చుండిపోయాను.

ఘటం ఉన్న ఇల్లు కాలితే అమ్మవారు ఆ ఇంటిని కాదందని ఊళ్ళో పట్టింపు, నీకు తెలుసు. పగవాడు పెట్టాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే మన గడపకి ఇంక ఘటం రానిచ్చేవారు కాదు అని పెద్దలంటున్నారు.

ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు నేను నిజంగా ఆ పేరే అన్నానా? పొగలో, ఏడుపులో, నువ్వు సరిగ్గా విన్నావా?

సుహాసిని


జైలు నుంచి,
మార్చి 24.

అప్పా,

ఇది జైలు వాళ్ళు చదివే ఉత్తరం కాదు. నా పక్క చాపవాడు ధర్మేంద్రకి బెయిలు వచ్చింది. లోపలి జేబులో పెట్టుకుని తెచ్చి నీ చేతికే ఇస్తాడు. చదివి కాల్చెయ్.

సరిగ్గా విన్నావా అంటావేమిటి? నా చెవుల్లో ఇప్పటికీ ఆ మాటే మోగుతోంది. ఆ ఒక్క మాట మీద నేను ఇక్కడ కూర్చున్నాను. పిచ్చి ప్రశ్నలు వెయ్యకు.

బావ మీద చెయ్యి చేసుకున్నారని తెలిసిన రోజు నేను మనిషిని కాను. అన్నం పళ్ళెంతో పక్కవాడి ముక్కు పగలగొట్టాను. వాడి తప్పేం లేదు పాపం, నవ్వాడంతే. మూడు రోజులు విడిగా పెట్టారు. ఆ మూడు రోజులూ ఒక్కటే ఆలోచించాను. ఒక చెయ్యి నరికితే వాళ్ళకి బుద్ధి రాలేదు. మన ఇల్లు కాలింది, వాళ్ళ ఇల్లు నిక్షేపంగా నిలబడి ఉంది.

ధర్మేంద్ర ఈ పనుల్లో ఆరితేరినవాడు. వాళ్ళందరూ లోపల ఉన్నప్పుడు బయట గొళ్ళెం పెట్టి పెట్రోలు పోస్తాడు. నా మీద వాడికి అభిమానం, డబ్బు కూడా అడగలేదు. మనకి సంబంధం లేదు, నేను జైల్లో, బావ మంచంలో. నువ్వు ‘కానీ’ అను చాలు.

ఈ ఉత్తరం చేతిలో పెట్టి వాడు నీ మొహం చూస్తాడు. మన నాన్న బతికి ఉంటే ఏమనేవాడో అదే అను.

దేవేంద్ర


కంచరవలస,
ఏప్రిల్ 3.

తమ్ముడూ,

నువ్వు పంపిన మనిషి వచ్చాడు. ఇప్పుడు వద్దు, కబురు చేస్తాను అని పంపేశాను. ఆ పని వద్దురా. నా మీద ఒట్టు. దాలమ్మ వదిన కోడలు నిండు నెలలతో ఉంది. ఆ ఇంట్లో ముసలిది ఉంది.

గణపతిరావు నిన్న పొద్దున్న పోయాడు. విశాఖ నుంచి వ్యానులో తెచ్చారు. చేతిని అప్పుడే పారేశారు కాబట్టి చెయ్యి లేకుండానే దహనం చేశారు. దాలమ్మ ఏడుపు మా సాల దాకా వినిపించింది. రాళ్ళు పడతాయని మేము తలుపు వేసుకుని కూర్చున్నాం. పడ్డాయి కూడా. ఒకటి గేదె కంటికి తగిలింది, పాలిచ్చే గేదె, ఇప్పుడది దగ్గరికి రానివ్వడం లేదు.

కుసుమకుమారి మళ్ళీ వచ్చింది. బ్యాంకువాళ్ళు ఇంటి అప్పుతో పాటు ఇచ్చిన కవరు తెచ్చి చూపించమంది. ఆరేళ్ళుగా ట్రంకు పెట్టెలో ఉంది, అంచులు మాత్రమే కాలాయి. దాన్ని మేము ఒక్కసారీ విప్పలేదు. ఆవిడ ఇటుక మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది. నిప్పంటుకుంటే ఇస్తారట. పిడుగు పడితే, తుఫాను ఎగరేస్తే, వరదొస్తే, కొండచరియ పడితే, ఎవరైనా కక్షతో పాడుచేస్తే ఇస్తారట. ఇంటి కింద నేలకి ఇవ్వరు, అది ఎక్కడికీ పోదు కాబట్టి. నా పుస్తెలతాడూ నగదూ వేరేగా రాయించుకోలేదు కాబట్టి వాటికి ఇవ్వరు. పాతబడి బీటలు వారితే ఇవ్వరు. సొంతదారు కావాలని చేసినవాటికి, చేయించినవాటికి అసలే వర్తించదు.

“మరి ఇంట్లోవాళ్ళ చేతి పొరపాటైతే?” అని అడిగాను.

“పొయ్యి మీద నూనె మండినా, కరెంటు తీగ కాలినా, దీపం పడినా ఇస్తారమ్మా. పొరపాట్లు జరుగుతాయనే కదా పాలసీ కట్టింది. ఇవ్వరని నీకెవులు సెప్పారు?” అంది.

ఎవరూ చెప్పలేదన్నాను.

ఆవిడ ఇంకొకటి అడిగింది. వంటింట్లో గ్యాసు బండ ఉండాల్సిన చోట లేదు, పెరట్లో నూతి దగ్గర పడి ఉంది, పిడి మాత్రం కాలింది. “ఎవులో లోపలికెళ్ళి లాగీసుంటారు. లేకపోతే ఈ వరసిళ్ళన్నీ లేచిపోయీవి. ఎవులది?” అంది. మాతో మాట్లాడేవాళ్ళలో ఎవరూ తామే అని చెప్పడం లేదు.

నీకు ఏమని రాయాలో తెలియడం లేదు. ఆ పని మాత్రం వద్దు.

సుహాసిని


విజయనగరం జైలు,
ఏప్రిల్ 10.

అప్పకి,

ఇది మామూలు దారిన పంపుతున్నాను, కాబట్టి పొట్టిగా.

వాడు చచ్చాడు కాబట్టి ఇది హత్య కేసు అయింది. వకీలు గారు మొన్న వచ్చి నా కళ్ళలోకి చూడకుండా మాట్లాడారు. ఇంటికి నిప్పు వాళ్ళే పెట్టారని తేలితే ఒక దారి ఉందట. తేలకపోతే నా జీవితం ఇక్కడే. ముప్పై ఒక్క ఏళ్ళు నాకు. నువ్వేమో దీపం, బండ, కోడలి కడుపు అంటూ కబుర్లు రాస్తున్నావు.

వాళ్ళు నిన్ను బెదిరించారా? కొనేశారా? నా కోసం ఒక్క మాట మీద నిలబడలేవా? చిన్నప్పుడు నన్ను కుక్క కరిస్తే ఆ కుక్కని కర్రతో చచ్చేదాకా కొట్టింది నువ్వే. ఆ అప్ప ఎక్కడికి పోయింది?

నా స్నేహితుడు వచ్చే శుక్రవారం వస్తాడు. ఈసారి నీ జవాబు కోసం ఆగడు.

దేవేంద్ర


రాజాం ఆసుపత్రి,
ఏప్రిల్ 20.

తమ్ముడూ,

ఎడమ భుజం ఎముక విరిగింది, కుడి చెయ్యి బాగానే ఉంది, అందుకే రాయగలుగుతున్నాను. ఈ ఉత్తరం జైలువాళ్ళు చదువుతారు. చదవాలనే ఇలా పంపుతున్నాను.

నా ఇంటికి గణపతిరావు నిప్పు పెట్టలేదు. ఎవరూ పెట్టలేదు. ఘటం దగ్గర ఆ పూట కాపలా నాది. పన్నెండింటప్పుడు గణపతిరావు కాలువ మా మొక్కజొన్న వైపు కాకుండా తన వైపు మళ్ళించుకున్నాడని ఎవరో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. దీపంలో నూనె నిండా పోసి, కొత్త వత్తి వేసి, పది నిమిషాల్లో వచ్చేద్దామని చేలోకి పరిగెత్తాను. కాలువ ఎవరూ ముట్టుకోలేదు, మామూలుగానే ఉంది. తిరిగి వస్తుంటే పొగ కనిపించింది. వత్తుల కోసం పొందూరు నుంచి తెచ్చిన దూది మూట కుండ పక్కనే పెట్టి వెళ్ళాను. పిల్లో, ఎలుకో, గాలో నాకు తెలియదు.

అందరికంటే ముందు నా దగ్గరికి వచ్చినవాడు మీ బావ స్నేహితుడు ధనరాజు, రాజాంలో మన బ్యాంకు కాగితాలన్నీ జిరాక్సు తీసి నింపే మనిషి. “దీపం వల్లంటే కంపెనీవోడు పైసా ఇవ్వడొదినా, సొంత తప్పంటాడు. ఎవులో పెట్టీసినారని సెప్పు. అప్పుడు వస్తాది” అన్నాడు. మంచికే అన్నాడు పాపం, తెలియక. నేను ఇల్లు గురించి ఆలోచించాను, ఇంకా పద్నాలుగేళ్ళు కట్టాల్సిన అప్పు గురించి ఆలోచించాను, ఘటం వదిలి పోయానని తెలిస్తే ఊరు నా మొహాన ఉమ్ముతుందని ఆలోచించాను. ఎవరి పేరు చెప్పాలో మాత్రం ఆలోచించలేదు. ఆ పేరు నాలుక మీదే ఉంది. అంతలో నువ్వు ట్రాక్టరు దిగావు. నీ తర్వాత స్టేషనులోనూ అదే చెప్పాను.

నీకు చెప్పేటప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలియదా? తెలుసు. నిన్ను పెంచింది నేనే. నీ చేతిలో కత్తి చూశాను, చూసి కూడా వెనక నుంచి పిలవలేదు. రెండు తగిలిస్తావనుకున్నాను. తగలనీ అనుకున్నాను. దీపం నేను కావాలని వదల్లేదు దేవేంద్రా. ఆ మాట మాత్రం కావాలనే అన్నాను. దీపం చేసినదానికి పాలసీ ఉందట. నాకది తెలిసేసరికి మనిషి పోయాడు. నేను అబద్ధం ఆడకపోయినా ఇల్లు వచ్చేది, ఆ సంగతి తలచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం పొద్దున్న ధర్మేంద్ర సంచీలో డబ్బాతో వచ్చాడు. ముందు వాడికే చెప్పాను ఇదంతా. “ఈ మాట ఇంటే నీ తమ్ముడు సచ్చిపోతాడు” అన్నాడు. డబ్బా కాలితో తన్ని వెళ్ళిపోయాడు.

తర్వాత దాలమ్మ వదిన గుమ్మంలోకి వెళ్ళాను. ఒక్కదాన్నే. ఆవిడ అరచేతులకి ఇంకా కట్లు ఉన్నాయి, నీ కత్తి పట్టుకున్నందుకు. నిలబడే చెప్పాను. మొత్తం విన్నది. లోపలికెళ్ళి రోకలి తెచ్చింది. మొదటి దెబ్బకి భుజం విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బ నడుం మీద. కింద పడ్డాక జుట్టు పట్టుకుని నా మొహం గచ్చుకేసి కొట్టింది. ముందు పళ్ళు రెండు పోయాయి. నేను చేతులు అడ్డం పెట్టలేదు. గొప్పకి రాయడం లేదు, చేతులు లేవలేదు.

“మా ఆయన మీ బండ లాగీసి ఊరుని కాపాడినాడే. సేతులు కాల్సుకుని వచ్చి నీళ్ళల్లో పెట్టుకున్నాడే. ఆ సేతినే నరికీసినాడు కదే నీ తమ్ముడు. ఆ పేరెందుకన్నావే?” అని అరిచింది.

ఇన్సూరెన్సు వస్తాదని, వదినా, అన్నాను.

ఆవిడ రోకలి వదిలేసింది. నా పక్కనే కూలబడింది. “ఎంతొస్తాదన్నారే?” అని అడిగింది.

ఆవిడ కోడలే ఆటో పిలిచి నన్ను ఇక్కడికి పంపింది. దారిలో స్టేషను ముందు ఆపించి ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. కుసుమకుమారికి ఫోను చేశాను. అబద్ధం చెప్పి డబ్బు అడిగితే మొత్తం రద్దేనమ్మా, నా చేతుల్లో లేదు అంది. తనకి ఇది మొదటిరోజే అనుమానమని, నేనే చెబుతానేమోనని తను ఆగిందని చెప్పింది. ఆవిడ కూడా ఏడ్చినట్టుంది.

నీ కేసుకి నేనే ఉరి బిగించానని వకీలు గారు తిట్టి వెళ్ళారు. నిజమే. నిన్ను రెండుసార్లు చంపాను. నన్ను క్షమించమని అడగను. కొట్టాలనిపిస్తే మనసులో కొట్టు.

సుహాసిని


విజయనగరం జైలు,
మే 22.

సుహాసినికి,

నెల పట్టింది. ఉత్తరం వచ్చిన రోజు దాన్ని చింపాను. తర్వాత ఆ ముక్కలు ఏరి మళ్ళీ చదివాను. నువ్వు ఎదురుగా ఉంటే ఆ పూట నిన్ను చంపేసేవాణ్ణి, ఇందులో అబద్ధం లేదు. నువ్వు లేవు కాబట్టి గోడని కొట్టాను. కుడి చేతి వేళ్ళు మూడు విరిగాయి. ఈ ఉత్తరం ఎడమ చేత్తో రాస్తున్నాను, ఓపికగా చదువు.

వారం రోజులు నిన్నే తిట్టుకున్నాను. అప్ప అంది, నేను నరికాను, పాపం అప్పది. హాయిగా ఉంది అలా అనుకుంటే. మొన్న ధర్మేంద్ర ములాఖత్‌కి వచ్చాడు. నిన్ను బూతులు తిట్టబోయాడు. ఆపమన్నాను. ఎందుకు ఆపమన్నానో వాడు వెళ్ళాక అర్థమైంది.

గణపతిరావు నోరెత్తలేదని నీకు రాశాను కదా. పోలీసులకీ అదే చెప్పాను, వకీలుకీ అదే. వాడు మాట్లాడాడు. నన్ను చూసి లేవబోయి, “ఒరే దేవేంద్రా, బండ లాగీసాన్రా, ఇంక పేలదు. మీ అప్ప కనపళ్ళేదు, లోపలున్నాదేమోనని గదులన్నీ సూసినాను. బయటే ఉన్నాదా?” అన్నాడు. అప్పటికి కత్తి లేచి ఉంది. దింపొచ్చు. ఆ మాట నాకు పూర్తిగా వినిపించింది, పూర్తిగా అర్థమైంది. ఊరంతా దూరం నుంచి చూస్తోంది, కత్తి ఎత్తి వచ్చి ఎలా తిరిగి వెళ్ళను అనుకున్నాను. విన్నాకే నరికాను.

నువ్వు నాకు చెప్పిన అబద్ధం కాలిపోతున్న ఇంటి ముందు చెప్పావు. నేను ఈ మూడు నెలలూ తీరుబడిగా కూర్చుని చెప్పాను.

నిన్ను క్షమించలేదు. అప్పా అని పిలవలేకపోతున్నాను. జైలుకి రాకు, బట్టలు పంపకు, బావకి మాత్రం నేను అడిగానని చెప్పు.

వచ్చే నెల కోర్టు. నిన్ను సాక్షిగా పిలవొద్దని వకీలు నా కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. పిలవమన్నాను. నువ్వు నీ మాట చెప్పు. ఆ తర్వాత లేచి నా మాట నేను చెబుతాను. దాలమ్మ వదిన వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. నా వైపు చూడకు. ఆవిడ వైపు చూసి చెప్పు.

దేవేంద్ర